పొలాలకు పైన, పొలాలకు కింద

నా భర్త నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసేవారు. నెలకోసారి కృష్ణా నది ఒడ్డుకు వెళ్లి రెండు సీసాల నీళ్లు తెచ్చేవారు. వరి పొలాలకు నీరు మళ్లకముందు పట్టిన సీసా మీద ‘పైన’ అని, పొలాల్లోంచి జారిన నీరు మళ్లీ నదిలో కలిశాక పట్టిన దాని మీద ‘కింద’ అని రాసేవారు. పొలంలో పెట్టిన నీరు కొంత ఎండకు, కొంత పైరుకు పోతుంది. ఉప్పు పోదు. నేలలోని ఉప్పును కూడా కలుపుకొని, మిగిలిన కాస్త నీటితో నదికి చేరుతుంది. దిగువ ఊరి కాలువలోకి ఆ నీరే వెళుతుంది. రెండు సీసాల తేడాను ఆయన ఒక నోటుబుక్కులో రాసేవారు. అందులో ఒక్క నెల కూడా ఖాళీ లేదు.

చివరి సీసాలు నల్లగండ్లలోని మా ఫ్లాటుకు తెచ్చిన మర్నాడే గుండె ఆగి పోయారు. మూడు నెలల తర్వాత ఆయన జూనియర్ ఫోన్ చేశాడు. నోటుబుక్కు అతని దగ్గరుంది, ఆ చివరి సీసాల అంకెలే అందులో ఇంకా రాయాల్సి ఉంది.

“వదినా, మూత తియ్యకుంటే ఉప్పు యాడికీ పోదు. ఉప్పు కొలిచే మీటరు అన్న బ్యాగులనే ఉంటది. జర ముంచి చూడుండ్రి.”

ఆ పూట మాదాపూర్ ఆఫీసుకు సెలవు పెట్టాను. సీసాలు దేవుడి గదిలో ఉన్నాయి. కొలిస్తే ‘పైన’ నీళ్లలోనే ఉప్పు ఎక్కువ వచ్చింది. మీటరు తుడిచి మళ్లీ ముంచాను. అదే అంకె.

“అత్తయ్యా, ఈ సీసా మూత తీశారా?”

“తీయకపోతే తీర్థం ఎలా పుచ్చుకుంటానమ్మా? వాడు తెచ్చిన కృష్ణమ్మ నీళ్లు. రోజూ ఒక్క ఉద్ధరిణే.”

“నిండుగానే ఉందే?”

“అడుగంటనిస్తానా? తీసినంత కుళాయి నీళ్లు పోస్తున్నా. ఒక్క చుక్క మిగిలినా అంతా కృష్ణమ్మే. నీకివన్నీ ఎక్కడ తెలుస్తాయి, ఎప్పుడూ ఆ కంప్యూటరేగా!”

మా కుళాయిలో వచ్చేది బోరు నీరు. బకెట్ల అంచులు ఉప్పు పేరుకుని తెల్లగా గట్టిపడతాయి. మా అమ్మ కూడా గంగ చెంబులో ఇలాగే పోసేది. ఆ సీసాలు దాచాల్సింది నేను. ‘కింద’ సీసా మూతకు సీలు నేను తీసేదాకా అలాగే ఉంది, కానీ ఒక్కదానితో తేడా తేలదు.

జూనియర్‌కు చెప్పాను.

“అయ్యో. పెద్దమ్మను ఏమనకుండ్రి వదినా. ఎనకటి నెలలు చూసి అందాజగ ఒక నంబరేస్త. ఎవరికి తెలుస్తది?”

“వద్దు. ‘పైన’ గడి ఖాళీగా వదిలేయండి.”

“అన్న బుక్కుల ఒక్క ఖాళీ లేదు వదినా.”

“కొలవకుండా రాసింది కూడా లేదు.”

“సరే వదినా” అన్నాడు. తర్వాత ‘కింద’ అంకె అడిగాడు. చదివి చెప్పాను.