ఎవరి దవడ ఎవరింట్లో

ఆ కాలంలో ఉద్యోగం చేసే ఆడపిల్లంటే పొందూరు వీధుల్లో కాస్త గౌరవం, బోలెడంత వింత. అరవయ్యో దశకం చివర్లో, విజయనగరంలో శిక్షణ ముగించుకుని బాలవాడి పంతులమ్మగా నేనక్కడ బస్సు దిగేనాటికి నాకు ఇరవై ఏళ్ళు నిండలేదు. అయినా పసిపిల్లల బుర్రల గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. (తర్వాత నలుగురు పిల్లల్ని పెంచానులెండి, ఆ నమ్మకం ఎటుపోయిందో తెలీదు.) శిక్షణలో నాకు బాగా వంటబట్టింది ఒక్కటే. ఒకేలాంటి వస్తువుల్ని ఏరి ఒకచోట చేర్చడం వస్తే బిడ్డకి ఆలోచించడం వచ్చినట్టేనని చెప్పారు, నేను తు.చ. తప్పకుండా నమ్మాను.

బాలవాడి ఎదుట అరుగు మీద రోజూ ఇద్దరు ముసలమ్మలు కూర్చునేవారు. పొట్టి మామ్మ, పొడుగు మామ్మ అని పిల్లలు పెట్టిన పేర్లు. పక్కపక్క ఇళ్ళవాళ్ళు, ఒకరినొకరు ‘ఒదినా’ అని పిలుచుకునేవారు. ఇద్దరి పనీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం. ఆ ఎముకకుండే సన్నటి పళ్ళతో దువ్వితేనే మా వైపు ఖద్దరుకి దూది తయారయ్యేది. ఒకే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, వంతులవారీగా అడ్డపొగ పీలుస్తూ, ఊళ్ళోవాళ్ళ సంగతులన్నీ చెప్పుకుని పడీపడీ నవ్వేవారు. ఇంటిమీద బెంగతో ఉన్న నాకు ఆ నవ్వులే తోడు.

ఒకరోజు పిల్లలతో, “రేపు మీ ఇంట్లో ఏది చేతికందితే అది పట్టుకురండి” అన్నాను. అనకుండా ఉండాల్సింది! మర్నాడు గరిటెలు, చెంబులు, కొబ్బరి చిప్పలు, పాత గుడ్డలు, ఎవరి తాతదో ముక్కుపొడుం డబ్బీ, ఆఖరికి దేవుడి గంట కూడా వచ్చాయి. మామ్మలిద్దరి మనవరాళ్ళూ చెరో వాలుగ దవడ తెచ్చారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. గుర్తుకోసం ఒకదానికి ఎర్ర పీలిక, ఇంకోదానికి పచ్చ పీలిక కట్టి ఉంది. పిల్లలు గరిటెలన్నీ ఒక కుప్ప, చెంబులన్నీ ఒక కుప్ప చకచకా పోసేశారు. పొడుగు మామ్మ మనవరాలు మరీ చురుకు. “పంతులమ్మా, ఇయి గుడ్డలు కదేటి?” అంటూ రెండు పీలికలూ విప్పి గుడ్డల కుప్పలో వేసింది. అందరిచేతా చప్పట్లు కొట్టించింది నేనే.

వంటవేళకి తల్లులు మీదపడ్డారు. “ఏటి పంతులమ్మా, మా కొంపంతా ఇక్కడే ఉన్నాది! కూర ఏటితో కలపాల?” ఏ గరిటె ఎవరిదో తేలక కాసేపు అరుచుకుని, కాసేపు నవ్వుకుని, ఎలాగో పంచుకుపోయారు. దవడల దగ్గరే వచ్చింది చిక్కు. మామ్మలిద్దరూ ఒకదాన్నే పట్టుకున్నారు.

“ఒదినా, ఇది నాది,” అంది పొట్టి మామ్మ.

“నీదేటి? నాను రోజూ దువ్వతన్నది ఇదే. నాకు తెల్దా?”

“అయితే నాను దొంగనేటి?”

“నాననలేదు. నువ్వే అంతన్నావు.”

పొట్టి మామ్మ దాన్ని విసురుగా లాక్కుని వెళ్ళిపోయింది. మిగిలింది తీసుకుని పొడుగు మామ్మ తలుపేసుకుంది. ఆ మర్నాటినుంచి అరుగు ఖాళీ. నేను ఇద్దరి గుమ్మాలూ ఎక్కి దిగాను, బతిమాలాను. ఎవరూ వినలేదు.

కొన్నాళ్ళకి నాకు బదిలీ అయింది. పెట్టె సర్దుకుంటుంటే పొట్టి మామ్మ పెరటి గుమ్మంలోంచి వచ్చింది. “ఆ దవడ నాది కాదే. ఇంటికెళ్ళి ఒకపాలి దువ్వీసరికే తెలిసిపోనాది, పట్టు కుదరనేదు. ఒదినదే అది.”

“మరి ఇచ్చేయొచ్చుగా మామ్మా!”

“ఏ మొకం పెట్టుకుని ఇస్తాను? దానితో సెప్పకు, నీకు దండమెడతాను.” నా చేత ఒట్టు వేయించుకుని వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో, వీధి గుమ్మంలోంచి పొడుగు మామ్మ. “దాని దవడ నాకాడుంది. ఉండనీ. దువ్వతంటే ఒదిన పక్కన కూకున్నట్టే ఉంతాది. ఒక్కమాట మాట్లాడతాదని సూస్తన్నాను. ఒక్కదాన్నే కాలిస్తే సుట్ట రుసే నేదు పంతులమ్మా. నాను సెప్పానని అనకు.” మళ్ళీ ఒట్టు.

ఒకరి మాట ఇంకొకరి చెవిన వేస్తే అయిపోయేది. కానీ ఆ వయసులో నాకు ఒట్టంటే ఒట్టే. ఆవిడ మాట ఆవిడదిగా, ఈవిడ మాట ఈవిడదిగా విడివిడిగా మనసులో పెట్టుకుని బుద్ధిగా బస్సెక్కేశాను. చాలా ఏళ్ళకి ఆ వీధిన వెళ్ళాను. అరుగుంది, మామ్మలు లేరు. పోయేలోపు మాట్లాడుకున్నారా అని అడగడానికి నోరు రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు తెలియదు.

మా వంటింట్లో గరిటెలు, అట్లకాడలు, చెంచాలు ఒకే డబ్బాలో కలగాపులగంగా పడుంటాయి. “నువ్వసలు టీచరువేనా అమ్మమ్మా?” అంటూ మనవరాలు వేరుచేయబోతుంది. “ఉండనీవే, కలిసే ఉండనీ” అంటాను. పీలికలు విప్పినందుకు చప్పట్లు కొట్టించిన ఆ పంతులమ్మ ఎదురుపడితే నాలుగు చివాట్లు పెట్టాలని ఉంటుంది. కానీ ఎంత సంబరపడిపోయిందో, పిచ్చిపిల్ల! అది తలుచుకుంటే నవ్వొచ్చేస్తుంది.