జొన్నలు దాచిన వాలుచేను

మొన్న కుండీల్లో పోయడానికని మా వీధి చివరి నర్సరీలో ఒక సంచి ఎర్రమట్టి కొని, డాబా మీద కుమ్మరించి నాలుగు దోసిళ్ళ నీళ్ళు చిలకరించేసరికి, లేచిన వాసనకు చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మట్టివాసన అంటే తొలకరి వాసనే కదా అంటారు గానీ, అన్ని మట్టుల వాసనా ఒకటి కాదు. నల్లరేగడి తడిస్తే చెరువు వాసన వస్తుంది. ఈ ఎర్రమన్ను తడిస్తే కుళ్ళిన టేకాకు, ఎండిన వెదురు, ఎక్కడో రాలిన ఇప్పపువ్వు కలిసిన వాసన వస్తుంది. పోసిన నీళ్ళు అడుగునుంచి అప్పుడే కారిపోతున్నాయి, పైన మన్ను అప్పుడే పొడిపొడిగా విడిపోతోంది. సంచి మీద ఊరి పేరు లేదు. చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట ఏదో కొండవాలు నుంచి తవ్వి తెచ్చి ఉంటారని ఎవరూ నాకు చెప్పనక్కరలేదు, చిన్నతనంలో ఆ మన్నులోనే పొర్లాను.

మా నాన్న పుట్టింది ఆ కొండ కిందే అయినా, చంటిగా ఉన్నప్పుడే తల్లి పోవడంతో మధిర దగ్గర మేనమామల ఇంట్లో పెరిగాడు. అమ్మది కూడా అటువైపే. నల్లరేగడిలో కౌలుకు పత్తి, వరి వేసుకుంటూ ఉండగా, కొండ కిందే ఉండిపోయిన తాత చనిపోయి, కొండవాలు మీది చేను నాన్నకు దక్కింది. సొంత చేను అన్న మాట వినగానే నాన్నకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అమ్మకు మాత్రం ఆ వాలు చూడగానే ప్రాణం ఉసూరుమంది. నీరు నిలవని చోట తిండి ఎక్కడి నుంచి వస్తుందని ఆమె దిగులు. "ఒక్క ఏడు చూస్తాను. పిల్లలకు గింజలు తక్కువైన నాడు మా అన్నల ఇంటికి పోతాను, నువ్వొచ్చినా రాకపోయినా సరే" అని తెగేసి చెప్పింది. ఊరికే అనలేదు. ఇనప్పెట్టెలో సగం బట్టలు బయటికి తీయకుండా అలాగే ఉంచింది. తమ్ముడూ నేనూ ఆ పెట్టె వంక చూసినప్పుడల్లా మాకు గుండెల్లో రాయి పడేది, ఎందుకంటే మాకు ఆ వాలు తెగ నచ్చేసింది.

ఎందుకు నచ్చదు? మధిరలో వానొస్తే చెప్పులు చేతపట్టుకుని, కాలు పీకితే కాలుతో పాటు శేరు బంకమట్టి ఎత్తుకుంటూ నడిచిన పిల్లలం, ఇక్కడ వాన వెలిసిన కాసేపటికే తాటిమట్ట మీద కూర్చుని పైనుంచి కిందికి జర్రున జారి, లేచి దులుపుకుంటే ఒంటికి మరక ఉండేది కాదు. కొండ మీది నుంచి ఏళ్ళ తరబడి దిగివచ్చి మా చేలో పేరుకున్న మన్ను అది. పైన జానెడు లోతు ఆకు కుళ్ళిన నల్లపొర, దాని కింద ఎరుపు. నిలువెత్తు మనిషి దిగినా గడ్డపారకు రాయి తగలదు. వేరుశనగ చెట్టు పట్టి లాగితే ఒక్క కాయ కూడా లోపల తెగి ఉండిపోకుండా గుత్తి మొత్తం బయటికి వచ్చేది. పసుపు కొమ్ములు వంకర లేకుండా దిగేవి, కందగడ్డను తవ్వాలంటే మా తమ్ముడు నడుము దాకా గుంటలో ఉండేవాడు. ఆడవాళ్ళు కింది పొర మన్ను తెచ్చి, నానబెట్టి, గుడ్డతో వడగట్టి గోడలకు పూసేవాళ్ళు. పొయ్యిగడ్డలు, కోళ్ళ గూళ్ళు, ఇంటి అరుగులు అన్నీ ఆ మన్నే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లారకముందే వెదురు బుట్టలు పట్టుకుని పోతే, ఆ ఎర్రనేల మీద పువ్వు తడి అంటకుండా శుభ్రంగా దొరికేది. దాన్ని ఎండబెట్టి, వేయించి, బెల్లంతో దంచి మా పెద్దమ్మ చేసే ముద్దలకు ఇప్పటి మిఠాయి కొట్టు ఏదీ సాటి రాదని నేను పందెం కాస్తాను.

పెద్దమ్మ అంటే లచ్చుమమ్మ, నాన్నకు వరసకు వదిన. పక్క చేను వాళ్ళదే. పొగచుట్ట అడ్డంగా నోట్లో పెట్టుకుని మాట్లాడినా ఒక్క అక్షరం తప్పిపోనంత గట్టి గొంతు ఆమెది. కొత్తల పండగ చేసుకోకుండా కొత్త గింజ ఎంగిలి పడనిచ్చేది కాదు. కంకి తెంపి నోట్లో వేసుకోబోయిన మా తమ్ముడి వీపు ఒకసారి విమానం మోత మోగింది. ఆ ఏడు జొన్న విరగపండింది. కానీ మా గుడిసె ఎంత? పైకప్పు కారుతుంది, మూలమూలా ఎలుకలు. మధిర అలవాటున గాదె కడదామంటే గాదె పెట్టాక మేం పడుకోవడానికి చోటు మిగలదు. అప్పుడు పెద్దమ్మే అంది.

"ఇంట్ల పెడితే ఎలుకలు మేస్తయి. పాతరెయ్యి చెల్లె."

"గింజల్ని మట్టిలో పెడితే మొలుస్తాయి గానీ ఉంటాయా అక్కా?" అంది అమ్మ.

"తడి ఉంటెనే గద మొలిచేది! గీ మన్నుల తడెక్కడ నిలుస్తది?" అని పెద్దమ్మ నవ్వింది.

నాన్న ఆ మాట పట్టుకున్నాడు. వాలులో కొంచెం ఎత్తైన చోట, మూతి ఇరుకుగా, లోపల బానలా వెడల్పుగా గొయ్యి తవ్వారు. పెదనాన్న లోపల తవ్వుతుంటే నాన్న తట్టలతో మన్ను పైకి లాగేవాడు, మేం ఆ కుప్ప మీద ఎక్కి దూకేవాళ్ళం. తర్వాత ఎండుకంప లోపల వేసి మంట పెడితే గోడలు పెంకులా గట్టిపడ్డాయి. అడుగునా చుట్టూ చొప్ప పరిచి, ఎండిన జొన్నలు నింపి, మళ్ళీ చొప్ప కప్పి, బండ మూసి, దాని మీద మన్ను దిబ్బలా పోసి అలికారు. ఇంట్లో కొద్ది నెలలకు సరిపోను మాత్రమే ఉంచుకున్నాం, మిగతా మా ఏడాది తిండంతా నేల కిందికి వెళ్ళింది. ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

అక్కడితో ఆగితే ఆయన మా నాన్న ఎందుకవుతాడు? రేగడి బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆషాఢం రాకముందే, ఎవరినీ అడక్కుండా, పై నుంచి వచ్చే నీళ్ళు పాతర మీదికి రాకుండా దానికి ఎగువన మోకాలెత్తు గట్టు వేశాడు. "చేనుకు గట్టు, ఊరికి కట్టు అని పెద్దలు ఊరికే అన్నారా?" అని మీసం దువ్వుకున్నాడు. వరిమడి మనిషికి నీళ్ళంటే ఆపడమే తెలుసు, పోనివ్వడం తెలియదు.

శ్రావణంలో వాన పట్టింది. ఆ రోజు నాన్న చండ్రుగొండ సంతకు పోయాడు. చూరునుంచి ధారలు తెగడం లేదు, కొండ కనబడడం లేదు. పొద్దున్నుంచి తలుపు దగ్గరే నిలబడ్డ అమ్మ ఇక ఉండబట్టలేక గొంగడి కప్పుకుని, పార అందుకుని బయటికి నడిచింది, వెనకాలే నేను. పైకి వెళ్ళి చూస్తే గట్టుకు ఆనుకుని ఎర్రటి నీళ్ళు చిన్న కుంటలా నిలిచి ఉన్నాయి. మధిరలో అయితే ఆ దృశ్యానికి దండం పెట్టేవాళ్ళం. ఇక్కడ ఆ కుంట కింద నేల నీళ్ళను గుటగుటా తాగుతోంది, తాగింది తాగినట్టు దిగువకు, మా పాతర వైపుకు పంపుతోంది. అవతలి చేలోంచి పెద్దమ్మ అరుస్తోంది.

"తెంపు చెల్లె! గట్టు తెంపు జల్దీ!"

అమ్మ పార పట్టుకుని కూడా కదల్లేదు. గట్టు తెంపడమంటే మాటలా? అమ్మ పుట్టిన ఊళ్ళో గట్టు తెంపితే తలలు పగిలేవి, అన్నదమ్ములు ముఖాలు చూసుకోవడం మానేసేవాళ్ళు. ఆడమనిషి, అదీ మొగుడు కట్టిన గట్టు! కుంట వంక ఒకసారి, పాతర దిబ్బ వంక ఒకసారి చూసింది. తర్వాత గొంగడి నా మీదికి విసిరేసి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, గట్టు నడుం మీద పారతో ఒకటే నరుకుడు. నీళ్ళు పక్కకు తిరిగి, వాలు పట్టుకుని, బండల మధ్య నుంచి వాగులోకి దూకాయి. నేను భయంతోనో చలితోనో ఏడుస్తున్నాను. అమ్మ మాత్రం ఆగకుండా ఆ గట్టును నేలమట్టం చేసేదాకా కొట్టింది.

సాయంత్రం నాన్న వచ్చి చూసి, "ఎవరు తెంపారు?" అన్నాడు. "నేనే" అంది అమ్మ. ఇల్లు అదిరిపోతుందని మేం మూలకు సర్దుకున్నాం. నాన్న చాలాసేపు తల తుడుచుకుని, "కట్టేది నేను, తెంపేది నువ్వు. బాగుంది మన సంసారం" అని పీట వాల్చుకున్నాడు. కానీ లోపలికి తడి అప్పటికే దిగిందో లేదో ఎవరికీ తెలియదు. ఇంట్లో జొన్నలు అడుగంటేదాకా, రోజూ ఆ దిబ్బ మీద అరచేయి ఆనించి చూడటం అమ్మకు అలవాటైంది.

భాద్రపదంలో వానలు తెరిపి ఇచ్చాక పాతర తీశారు. బండ తొలగించగానే పులిసిన పిండి వాసనతో వేడిగాలి ముఖాన కొట్టింది. లాంతరుకు తాడు కట్టి దింపితే ఆరిపోయింది. ఆ గాలిలో దిగితే మనిషి కూడా అంతేనని పెద్దమ్మ మమ్మల్ని దూరంగా తరిమింది. గాలి మారేదాకా ఆగి మళ్ళీ దింపితే దీపం నిలిచింది. నాన్న నడుముకు తాడు కట్టుకుని దిగి, మొదటి తట్ట పైకి అందించాడు. అమ్మ గుప్పెడు గింజలు తీసుకుని ఒకటి పంటి కింద వేసింది. కటుక్కున విరిగింది. ఇంకొకటి వేసింది, ఇంకొకటి. నమ్మకం చాలక మా ఇద్దరి నోళ్ళలో కూడా వేసి కొరకమంది. గట్టు వైపు గోడకు ఆనుకున్నవి కొన్ని నల్లబడి గడ్డకట్టాయి, వాటిని కోళ్ళకు వేశాం. మిగతావన్నీ పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఆ పూట వండిన జొన్న గటక, పచ్చిమిరపకాయ నూరిన గోంగూర తొక్కుతో అందరం కడుపు పగిలేలా తిన్నాం. తిన్నాక అమ్మ ఇనప్పెట్టె తెరిచి, లోపలి బట్టలన్నీ తీసి దండెం మీద వేసింది. నా జన్మలో అంత సంతోషపడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు అటువైపు జొన్న వేసేవాళ్ళు లేరు. జామాయిల్ వచ్చింది, పత్తి వచ్చింది, రేషన్ బియ్యం ఇంటికి వచ్చాయి. పశువులు పడతాయని తమ్ముడు పాతర పూడ్చేశాడు. పెద్దమ్మ లేదు, నాన్న లేడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఆ మధ్య వాలుచేల మన్నుకు గిరాకీ వచ్చింది. అటు పక్కా ఇటు పక్కా వాళ్ళు తవ్వుకోనిచ్చారు. మనమూ ఇద్దామని తమ్ముడు అంటే, ఎప్పుడో ఆ ఊరి మనిషైపోయిన అమ్మ, వచ్చిన జేసీబీకి ఎదురుగా వెళ్ళి నేల మీద కూర్చుంది.

"నేను నమ్మకపోయినా గీ మన్ను నా పిల్లలకు పెట్టింది. దీన్ని తవ్వాలంటే ముందు నన్ను తవ్వుండ్రి."

బండి వెనక్కి తిరిగింది. అమ్మతో పెట్టుకుని గెలిచినవాళ్ళు మా ఇంటా లేరు, బయటా లేరు. ఇప్పుడు బస్సు దిగి చూస్తే రెండు పక్కలా రాయి తేలిన వాలులు, మధ్యలో మాదొక్కటే పచ్చగా. నిలువెత్తు పాతర తవ్వేంత మన్ను చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. అది ఉన్న మా ఇంట్లో దాచడానికి గుప్పెడు జొన్నలు లేవు.