ఓబులేసన్న పెట్టించిన బొట్టు

మిలిటరీ ఓబులేసన్న పరమపదించాడు. ఈ వాక్యం రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. జోర్డాన్ పొలిమేర ఎడారిలో, గుక్కెడు నీళ్ళకోసం మనుషులు తోసుకునే గుడారాల మధ్య ఆయన ప్రాణం పోయిందని గంగారాం వచ్చి చెప్పేదాకా, నేను రాయచోటి బస్సు వచ్చినప్పుడల్లా వీధిలోకి వచ్చి చూస్తూనే ఉన్నాను.

గంగారాం నిజామాబాద్ జిల్లా మనిషి. కువైట్‌లో వఫ్రా తోటల్లో ఓబులేసన్నతో కలిసి పనిచేసినవాడు. బొంబాయిలో దిగి, సొంత ఊరికైనా పోకుండా నేరుగా మా పల్లెకు వచ్చాడు. ఇచ్చిన నీళ్ళు తాగకుండా చెంబు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"పెద్దాయన పాయె అక్కా. మేమే ఇసుకల బొందవెట్టినం. కట్టెలు యాడికెల్లి తెస్తం ఆడ," అన్నాడు.

దేశంకోసం తుపాకీ పట్టిన మనిషికి చితికి నాలుగు కట్టెలు దొరకలేదు. దేవుడి మీద నాకిప్పుడు భక్తి లేదు, కోపముంది. పెద్దలు క్షమించాలి, క్షమించకపోయినా సరే.

ఓబులేసన్న మీసాలు రాకముందే పట్టాళంలో చేరాడు. పడమటి సరిహద్దు యుద్ధంలో ఎడమచేతి వేళ్ళు రెండు పోగొట్టుకుని, హవల్దారుగా తిరిగివచ్చాడు. మా పంచాయతీకి ప్రెసిడెంటు అయ్యాడు. ఆ పదవీకాలంలో ఆయన చేసిన మహాపరాధం ఒకటుంది. ఊరికి తొలిసారి బోరు వేయించిన రోజున, మోటారు మీట నొక్కడానికి పెద్దమనుషులు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. ఆయన వాళ్ళందరినీ దాటిపోయి, వీధిచివర ఉండే ఒక విధవ అవ్వను చెయ్యిపట్టి తీసుకొచ్చాడు. "ఇంతకాలం ఊరికంతా నీళ్ళు మోసింది ఈయమ్మే గదా. ఈయమ్మ కన్నా అర్హత యారికుండాది?" అని ఆమెచేత నొక్కించాడు. శుభకార్యానికి ముండమోసినదాని చెయ్యి తగిలిందని ఊరు గగ్గోలు పెట్టింది. తరవాతి ఎన్నికల్లో ఆయనను చిత్తుగా ఓడించింది, కానీ ఆ బోరు నీళ్ళు తాగడం మాత్రం మానలేదు. మొన్నటి సంతాపసభలో ఆయనను 'సంఘసంస్కర్త' అని కొనియాడినవాళ్ళు వీళ్ళే.

ఓడిపోయాక ఊళ్ళో తలెత్తుకోలేక ఆయన కువైట్ విమానమెక్కాడు. నా భర్త పోయిన ఏడాది, నా టీచరు ట్రైనింగు సగంలో ఆగిపోతే, నన్నూ ఆయనే తన కఫీల్ ఇంట పనికి కుదిర్చాడు. కఫీల్ అంటే అక్కడ మన వీసాకూ, బతుకుకూ యజమాని. ఆ కఫీల్‌కు వఫ్రాలో తోట, మిష్రిఫ్‌లో బంగళా ఉన్నాయి. తోటలో టమోటాలు పండించే పని ఆయనది, బంగళాలో వంటపని నాది. వారానికోసారి కూరగాయల బండి తెచ్చినప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి, "తింటాండావా, ల్యాకపోతే వాళ్ళకే వండి పెడతాండావా?" అని అడిగేవాడు. పరాయి దేశంలో నన్ను ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే.

ఇంతలో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడింది. యజమానురాలిని మేం మామా అనేవాళ్ళం. ఆమె తన నల్ల అబాయా ఒకటి నా చేతిలో పెట్టి, ఇది కప్పుకుంటే ఎవరూ నీ జోలికి రారని చెప్పి, పిల్లలతో కారెక్కి వెళ్ళిపోయింది. వఫ్రా నుంచి సౌదీ సరిహద్దు ఎంతో దూరం కాదు. ఓబులేసన్న తలచుకుంటే అటు నడిచిపోయి బతికి ఉండేవాడు. జనమంతా దక్షిణానికి పారిపోతుంటే, ఆయన గంగారాంను పక్కన కూర్చోబెట్టుకుని కూరగాయల బండిలో ఉత్తరానికి, సైనికుల మధ్యనుంచి, మాకోసం వచ్చాడు. చుట్టుపక్కల ఇళ్ళలో దిక్కులేక మిగిలిన మన ఆడవాళ్ళనందరినీ పోగుచేశాడు. రిగ్గైలో మనవాళ్ళ గదుల్లో కొన్నాళ్ళు దాచి, చివరికి బస్రా పోయే బస్సొకటి మాట్లాడాడు.

ఆ బస్సులో ఆడవాళ్ళమంతా తలనుంచి కాళ్ళదాకా అబాయాలు కప్పుకున్నాం. బొట్లున్నవాళ్ళు తుడుచుకున్నారు. అలా ఉంటే మానం దక్కుతుందనుకున్నాం. సైనికులు వెతుకుతున్నది పారిపోయే కువైటీలనని మాకేం తెలుసు? మొదటి తనిఖీ దగ్గరే బస్సు ఆపి, మమ్మల్ని దించి, గోడకు నిలబెట్టారు. ఓబులేసన్న "హిందీ, హిందీ" అని, ఇండియావాళ్ళమని వాళ్ళ భాషలోనే ఎంత మొత్తుకున్నా వాళ్ళు నమ్మలేదు. ఒకడు తుపాకీ ఎత్తి పట్టుకున్నాడు. నా పక్కనున్న పిల్ల నా చెయ్యి రక్కేసింది.

"ఆ నల్లబట్టలు తీసేయండి. చీరలు కనపడనీయండి. యారికాడన్నా ఎర్రరంగు ఉండాదా?" అని అరిచాడాయన.

ఆ పిల్ల దగ్గర వాళ్ళ మామా ఇచ్చిన లిప్‌స్టిక్ ఉంది. దానితో ఒక్కొక్కరే బొట్టు దిద్దుకున్నారు. నా వంతు వచ్చేసరికి నేను దాన్ని పక్కావిడకు అందించాను. ఆయన చూశాడు.

"ఏమైంది లచ్చిమీ?"

"నేను పెట్టుకోకూడదన్నా. నీకు తెల్దా?"

"నాకేం తెల్దు. పాస్‌పోర్టు కఫీల్ కాడ ఉండాది. ఇఖామా గుర్తింపుకార్డు ఇంట్లోనే మరిచి వస్తివి. నువ్వు మన దేశం దానివని చెప్పేదానికి ఇంగేముండాది నీ దగ్గర? పెట్టుకో. పోయినోడు ఏమీ అనుకోడు."

ఆయన తన చేత్తో పెట్టలేదు. అది ఆయన మర్యాద. ఆ మూడువేళ్ళ చేత్తో, పక్కనే ఆగిన బస్సు అద్దాన్ని నా వైపు తిప్పి పట్టుకున్నాడంతే. భర్త పోయినప్పటినుంచి నేను అద్దంలో నుదురు చూసుకున్నది లేదు. అలవాటు తప్పి బొట్టు వంకర పోయింది. సైనికుడు వరసగా మా ముఖాలు చూసుకుంటూ వచ్చి, నా దగ్గర కాస్త ఆగి, "హిందీ. యల్లా," అని పొమ్మన్నాడు. మళ్ళీ బస్సెక్కాం.

ఇరాక్ అంతా దాటి జోర్డాన్ పొలిమేర ఎడారి శిబిరానికి చేరేసరికి ఆయనకు జ్వరం. విరేచనాలతో మనిషి సగమయ్యాడు. మమ్మల్ని తీసుకుపోయే బస్సు వచ్చినప్పుడు, నువ్వూ ఎక్కన్నా అని నేను కాళ్ళ మీద పడ్డాను.

"ముందు ఆడోళ్ళు పోవల్ల. మనోళ్ళంతా ఎక్కినాక, కడాకు నేనెక్కుతా. పట్టాళంలో నేర్చుకున్యది ఇదొక్కటే. పోతానే సుబ్బమ్మకు చెప్పు, వచ్చాండానని," అన్నాడు.

సుబ్బమ్మక్క ఆయన ఇల్లాలు. దిగిన రోజే పోయి చెప్పాను. ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నాళ్ళూ నిలబడింది. ఆయన ఎక్కవలసిన బస్సు కూడా వచ్చిందట. తాను లేవలేని స్థితిలో ఉండి, పక్కవాళ్ళను ముందు ఎక్కించమన్నాడట. ఆ సాయంత్రమే పోయాడని గంగారాం చెప్పాడు.

శవం లేని కర్మకు పదోరోజు వచ్చింది. ఊరి ఆడవాళ్ళు సుబ్బమ్మక్కను వాకిట్లో కూర్చోబెట్టారు. నేను నా బొట్టుతోనే వెళ్ళాను. బస్రా దారిలో పెట్టుకున్నది, ఆ తరవాత ఏ రోజూ మానలేదు. "ముండమోసిందానికి సింగారమా," అని ఎవరో గొణిగారు. నేను అడ్డంగా నిలబడ్డాను. "ఊరి బోరు ఎవరిచేత నొక్కించినాడో మరిచిపోతిరా? ఆ మనిషి పేరు చెప్పి ఈ పని చేస్తారా?" అని అరిచాను. నన్ను పక్కకు లాగేశారు. సుబ్బమ్మక్క గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచేశారు. నేను ఆపలేకపోయాను.

అందరూ పోయాక ఆమె నన్ను దగ్గరికి రమ్మంది. కొంగుతో నా ముఖం తుడిచింది. నుదుటి దాకా వచ్చి చెయ్యి ఆపేసింది.

"నీదన్నా ఉండనీ పాపా. ఆయన పెట్టిచ్చింది అదొకటే మిగిలింది," అంది.

ఉంచుకున్నాను అన్నా. రోజూ పొద్దున్నే పెట్టుకుంటున్నాను. అద్దం పట్టుకునే నువ్వే లేవు.