డాక్టర్ గారి టీవీలో కనబడని బంతి

2024 మే నెల, టెక్సస్‌లోని ఫ్రిస్కో. ఇళ్లకు వెళ్లి టీవీలు పరీక్షించి కాలిబ్రేట్ చేయడం నా వృత్తి. అంటే, షోరూమ్‌లో కళ్లు జిగేలుమనేలా పెట్టి అమ్మిన బొమ్మను ఇంట్లో మనుషులు మనుషుల్లా కనబడేలా సరిచేయడం. ఒకసారి నేను రంగులు సరిచేసిన టీవీలో మామిడిపండ్లు చూసి ఆ ఇంటి చిలక తెరను పొడిచేసింది. ఆ ఇంట్లో అసలు చిలకే లేదంటుంది మా ఆవిడ. ఆమె ఆ ఇంటికి రాలేదు. ఇప్పుడు చెప్పబోయే కేసుకు మాత్రం సాక్షులు ఎక్కువమంది ఉండటం వల్ల, కల్పించే వీలు నాకు దొరకలేదు.

ఫోన్ చేసినవారు రంగారావు గారు. మత్తు డాక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు, ఎనభైకి దగ్గర పడ్డారు.

"ఏమయ్యా, నువ్వు టీవీలకు పరీక్షలు చేస్తావట."

"చేస్తానండీ. ఏమిటి కంప్లైంట్?"

"కంప్లైంట్ టీవీకో నాకో తెలియదు. అది తేల్చడానికే పిలుస్తున్నా. శనివారం పొద్దున్నే రా. మ్యాచ్ ఉంది, ఇడ్లీలూ ఉంటాయి."

ఇండియాలో రాత్రి మ్యాచ్ అంటే మాకు పొద్దున్న. శనివారాల్లో ఆయన ఇంట్లో మిత్రులు చేరి క్రికెట్ చూస్తారు. కొత్తగా కొన్న అరవై అయిదు అంగుళాల టీవీ, మధ్యరకం ధరది. అది వచ్చినప్పటినుంచి ఆయనకు బంతి కనబడటం లేదు. ఆ మాట భోజనాల బల్ల దగ్గర యథాలాపంగా అన్నారు. రెండు వీధుల అవతల ఉండే కూతురు అనిత, విన్న వెంటనే ఆయన కారు తాళం తీసుకెళ్లిపోయింది. ఫ్రిస్కోలో కారు తాళం లేని మనిషి కరివేపాకు రెబ్బకు కూడా ఒకరిని బతిమాలుకోవాలి.

నేను వెళ్లేసరికి అనిత సోఫా చేతిమీద కూర్చుని ఉంది. తాళం ఆమె గుప్పిట్లోనే ఉంది.

"ఐ డాక్టర్ చూపు బాగానే ఉందన్నాడమ్మా," అన్నారు డాక్టర్ గారు.

"చార్ట్‌లో లెటర్స్ కదలవు డాడీ. బాల్ కనపడట్లే అంటే, రోడ్ క్రాస్ చేసే కిడ్ కూడా కనపడదు కదా. అందరికీ కనపడుతుంది, మీకొక్కరికే కనపడదు."

ఆ అందరి తరఫున మూర్తి గారు తలూపారు. ఆయన రిటైరైన సాఫ్ట్‌వేర్ మేనేజర్, డాక్టర్ గారి పాత స్నేహితుడు. "నాకు బంతిమీది సీమ్ కుట్లతో సహా కనబడుతోందండీ," అన్నారు చట్నీ వడ్డించుకుంటూ.

డాక్టర్ గారు నావైపు తిరిగారు. "విన్నావుగా. ఒప్పందం ఏమిటంటే, టీవీలో లోపం లేదని నువ్వు తేలిస్తే నేనిక కారు ముట్టుకోను. లోపం ఉందంటే తాళం నాది. మొహమాటపడి ఏ మాటా చెప్పకు."

టీవీ బాగుందో లేదో చెప్పడం నాకు అలవాటే. ఒక మనిషి ఇంటినుంచి కదలొచ్చో లేదో చెప్పమని అదివరకు ఎవరూ అడగలేదు. కర్టెన్లు దించి నా పరికరాల పెట్టె తెరిచాను.

నా దగ్గరున్న చిన్న ప్లేయర్‌ను టీవీకి తగిలించి, తెరకు కలరీమీటర్ వేలాడదీశాను. అది రంగుల్ని అంకెల్లో చెప్పే గాజుకన్ను. తెలుపు కాస్త నీలం తిరిగింది గానీ ఆ ధరకు మంచి ఫలితమే. తర్వాత లోకల్ డిమ్మింగ్, అంటే తెర వెనక దీపాలను ముక్కలుముక్కలుగా ఆర్పి వెలిగించే ఏర్పాటు. చీకటి ఆకాశంలో చందమామ పెడితే చుట్టూ మసక వెలుగు కొద్దిగానే కమ్ముకుంది. సోఫా చివరకు జరిగి చూస్తే రంగులు వెలిశాయి. మధ్యరకం టీవీల్లో అది మామూలే. ఆఖరున వేగంగా కదిలే వస్తువుల బొమ్మలు వేశాను. చుక్కల్లాంటివి కూడా చక్కగా పరిగెత్తాయి.

అనిత నా మొహం చదువుతోంది. "సో, టీవీ ఈజ్ ఫైన్?"

"ఇంతవరకూ బాగానే ఉందమ్మా."

సుభద్రమ్మ గారు, అంటే డాక్టర్ గారి భార్య, వంటగదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. డాక్టర్ గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"నువ్వు పరీక్షించింది నీ ప్లేయర్‌తో. నాకు బంతి కనబడనిది నా బాక్స్‌లో. నొప్పి మోకాల్లో ఉంటే మోచేతికి ఎక్స్‌రే తీసి నార్మల్ అంటావేమయ్యా. నా బాక్స్‌తో చూడు."

నిజానికి నా వరసలో తర్వాతి మెట్టు అదే. కానీ ఆయన గొంతులో ఉన్న పట్టు చూశాక, వరస నాదని చెప్పుకునే ధైర్యం చాలలేదు. మ్యాచ్‌లు వచ్చే బాక్స్ తీగ టీవీ వెనక ఇంకో పోర్ట్‌లో ఉంది. అక్కడికి మార్చి, ఎవరూ చూడని ఒక పాత చిన్న మ్యాచ్ వెతికి పెట్టి, సౌండ్ పూర్తిగా తీసేశాను.

"సౌండ్ ఎందుకు తీశావు?" అన్నారు మూర్తి గారు.

"కళ్లకు పరీక్ష కదండీ. చెవులకు సెలవు."

బౌలర్ పరిగెత్తాడు. బ్యాట్స్‌మన్ బ్యాట్ ఝళిపించాడు. సరిగ్గా అక్కడ ఆపేశాను. "బంతి ఎటు వెళ్లిందండీ?"

"కవర్స్ మీదుగా ఫోర్," అన్నారు మూర్తి గారు తడుముకోకుండా.

"డాక్టర్ గారూ?"

"కనబడలేదు."

అనిత నిట్టూర్చింది. నేను మళ్లీ నడిపించాను. బంతి కీపర్ చేతుల్లో ఉంది. బ్యాట్స్‌మన్ నేల చూపులు చూస్తున్నాడు.

"కెమెరా యాంగిల్ బాలేదు. ఇంకోటి వెయ్యి," అన్నారు మూర్తి గారు.

ఇంకోటి వేశాను. ఈసారి ఆయన లెగ్ సైడ్ సింగిల్ అన్నారు. నడిపిస్తే స్టంప్స్ పడిపోయి ఉన్నాయి. మనసులో నేను కూడా సింగిలే అనుకున్నాను. ఎవరూ నన్ను అడగకపోవడం వల్ల వృత్తి గౌరవం మిగిలింది. చిన్నప్పటినుంచి చూసిన ఆట కదా, బ్యాట్ ఊపు చూస్తే బంతి దానంతటదే వెళ్లినట్టుంటుంది మనకు. వ్యాఖ్యాత అరుపు, స్కోరు తోడైతే ఇక తెరమీద బంతి ఉందో లేదో చూసేదెవరు?

మొదటి బంతికి వెనక్కి వెళ్లి ఒక్కో ఫ్రేమ్ జరిపి చూశాను. బంతి బౌలర్ చేతిలో ఉంది, కీపర్ గ్లవ్‌లో ఉంది, నడుమ దారి ఖాళీ. సెట్టింగ్స్ తెరిస్తే ఈ పోర్ట్‌కి స్పోర్ట్స్ మోడ్ పెట్టి ఉంది. చాలా టీవీలు ప్రతి పోర్ట్‌కీ సెట్టింగ్స్ వేరువేరుగా దాచుకుంటాయి. ఈ మోడ్‌లో మోషన్ స్మూతింగ్ ఆఖరిదాకా తిప్పి ఉంది. రెండు ఫ్రేమ్‌ల మధ్య టీవీ తన ఊహతో ఇంకొన్ని బొమ్మలు గీసి ఇరికించే ఏర్పాటది. చిన్న తెల్లని బంతి దాని ఊహకు అందలేదు. తోడుగా నాయిస్ రిడక్షన్, అంటే బొమ్మలో మచ్చలు తుడిచే ఏర్పాటు, మిగిలిన ఆనవాలును మచ్చ కింద లెక్కేసి తుడిచేసింది.

"ఈ మోడ్ ఎవరు పెట్టారండీ?"

మూర్తి గారు ఇడ్లీ ముక్కను చట్నీలో చాలాసేపు ముంచారు. "స్పోర్ట్సే కదా చూసేది అని..." అన్నారు చివరికి.

"అన్నయ్య గారూ, ఇంకో రెండు ఇడ్లీలు వేయనా?" అన్నారు సుభద్రమ్మ గారు. ఆ గొంతులో ఆప్యాయత కంటే ఇంకేదో ఎక్కువగా ఉంది.

రెండు ఏర్పాట్లూ ఆపేశాను. డాక్టర్ గారు నన్ను మాట్లాడనివ్వలేదు. "ఓవర్ మొత్తం వెయ్యి. సౌండ్ వద్దు. అనితా, నువ్వు చూడు."

బంతి పడింది. "ఆఫ్ స్టంప్ బయట. వదిలేశాడు." తర్వాతిది. "యార్కర్. కాలికి తగిలింది." అలా ఓవర్ అంతా, నేను ఆపకముందే, ఆయన చెబుతూ పోయారు. ఒక్కటీ తప్పలేదు. నాలుగో బంతికి అనిత కూడా ముందుకు వంగింది. "ఓ, ఆ వైట్ థింగా? ఇంతకుముందు అది నాకూ కనపడలే డాడీ. ఐ థాట్, నాకు గేమ్ తెలీదు కాబట్టి."

"నాకు ఆట తెలుసు తల్లీ. తెలిసినా కనబడలేదనే చెప్పాను."

అనిత గుప్పిట వెంటనే తెరుచుకోలేదు. "టీవీ వేరు, రోడ్ వేరు డాడీ," అంది.

"నిజమే. పద, పక్క సీట్లో కూర్చో. నీకు ఎక్కడ భయమేస్తే అక్కడ ఆపేసి తాళం నీకిస్తాను."

ఇద్దరూ వెళ్లారు. ఆ కాసేపూ సుభద్రమ్మ గారు కిటికీ దగ్గరనుంచి కదలలేదు. కారు తిరిగొచ్చినప్పుడు అనిత చేతిలో కూరగాయల సంచి ఉంది, తాళం డాక్టర్ గారి చేతిలో ఉంది. "స్టాప్ సైన్ దగ్గర నాకంటే ఎక్కువసేపు ఆగుతారు," అని తల్లితో ఫిర్యాదు చేస్తోంది.

ఆ రోజు తర్వాత నా పని తీరు మారింది. ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా నా పెట్టె తెరవడానికి ముందే, వాళ్లు రోజూ చూసేది వాళ్ల బాక్స్‌లోనే పెట్టించుకుని చూస్తాను. అంతా బ్రహ్మాండంగా కనబడుతోందనేవాళ్లను కాఫీ పెట్టమని వంటగదిలోకి పంపేస్తాను. కనబడటం లేదనే మనిషి ఒక్కరుంటే, వెళ్లి వారి పక్కన కూర్చుంటాను.