దుర్గయ్య ఈల

జహనుమా బస్తీలో మాకు పాలు పోసే దుర్గయ్యకు అనుమానం ఉగ్గుపాలతోనే అబ్బింది. బర్రెను కొనబోతే అమ్మేవాడి మాట వినడు, దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. చూశాక పళ్లనూ నమ్మడు. పాలు పలచగా ఉన్నాయని నేనోసారి అంటే, నా గిన్నే తడిగా ఉందని ఎదురు తిరిగాడు.

అతను నమ్మిన ప్రాణి ఒక్కటే, గౌరి అనే బర్రె. దూడ కుడుస్తున్నా సరే, దుర్గయ్య ఈల వింటేనే అది పాలు చేపేది. ఆ గౌరే ఒకరోజు ఈగను తోలబోయి కొమ్ము విసిరితే అతని ముందుపన్ను ఊడింది. ఆ తర్వాత ఈలకు బదులు ఉత్త గాలి వచ్చింది. గౌరి పాలు బిగబట్టింది.

మా మేనకోడలు మేధ దంతవైద్య కళాశాలలో పరిశోధన చేస్తోంది. దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగిస్తే దాని చుట్టూ ఎముక, చిగురు ఎలా అల్లుకుంటాయో చూడడం ఆమె పని. ఒప్పుకున్నవాళ్లకు పన్ను ఉచితం. దుర్గయ్యను నేనే తీసుకెళ్లాను.

"ఉత్తగ ఎందుకిస్తున్రు? గా స్క్రూల ఏం పెట్టిన్రు?" అన్నాడు కుర్చీ ఎక్కకముందే.

"ఏం లేదు మామా. నీ ఎముక దాన్ని పట్టుకుంటదా లేదా చూస్తం. మూడు నెలలు దాన్ని ముట్టకు. తర్వాత పైన పన్ను పెడ్తం," అంది మేధ.

బయటికి రాగానే నా చెవిలో గొణిగాడు. "ముట్టొద్దన్నరంటే దాంట్ల ఏదో మతలబున్నది సార్."

తబేలాలో బర్రెను కట్టేందుకు కొత్త గుంజ పాతితే రోజూ పొద్దున్నే ఊపి చూడాలి. కదిలిందంటే బర్రె పీక్కుని పోతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్న పని, నోట్లో గుంజను మాత్రం వదులుతాడా? చిగురు మీద కనబడే స్క్రూ తలను వేలితో రోజూ ఊపాడు. కొన్నాళ్లకు కాస్త కదిలింది. కదిలేసరికి అనుమానం బలపడి ఇంకా ఊపాడు. చివరికి స్క్రూ చేతికే వచ్చింది.

"నకిలీ మాల్ పెట్టిన్రు!" అని దాన్ని మేధ బల్ల మీద పడేసి లొల్లి చేశాడు.

"ఊపినవా మామా?"

"లే."

పక్కనున్న అతని భార్య రుక్మాబాయి ఊరుకోలేదు. "అబద్ధమెందుకు? పొద్దుగాల గుంజలన్నీ ఊపి, ఆఖరికి నోట్లె ఏలు పెడ్తడు బిడ్డా."

నాకు ఒళ్లు మండిపోయింది. మేధ మాత్రం ఓపిగ్గా చెప్పింది. "ఎముక పట్టుకోబోయినప్పుడల్లా నువ్వే ఇడిపించినవ్. దానికి టైం పడ్తది మామా."

ఎముక మానాక రెండోది బిగించారు. ఈసారి కాపలా రుక్మాబాయిది. వేలు నోటిదాకా వెళితే చేతి మీద ఒక్కటి పడేది. ఈలోగా గౌరి ఒట్టిపోయి, మళ్లీ ఈనింది. ఈ ఈతకూ పాలివ్వకపోతే అమ్మేయడమేనని ఆమె తేల్చేసింది. ఆ మాటకు దుర్గయ్య రెండు పూటలు అన్నం ముట్టలేదు.

స్క్రూ నిలిచి, పైన పన్ను పెట్టిన మర్నాడు నేనూ తబేలాకు వెళ్లాను. ఈల వచ్చింది, కానీ పాతదానికంటే సన్నగా వచ్చింది. గౌరి తల తిప్పి అతన్ని కిందికీ మీదికీ చూసింది. చేపలేదు.

"నేనేనే గౌరీ," అన్నాడు. అది అతని చెయ్యి వాసన చూసి ముఖం తిప్పుకుంది.

ఊరందరినీ అనుమానించినవాడు ఒక బర్రె చూపుకు నిలవలేకపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ జాలేసింది.

రుక్మాబాయి విసుగ్గా పొదుగు మీద చెయ్యి వేయబోయింది.

"ముట్టకు," అన్నాడు దుర్గయ్య. "టైం పడ్తది."

చెంబు పక్కన పెట్టి, గౌరి ముందు నేల మీద కూర్చుని మళ్లీ ఈల వేశాడు.