డిగ్రీ బాబాయ్

మా బడి సైన్సు ల్యాబులో ఇరవై ఆరేళ్లు అటెండరుగా పనిచేసిన మనిషిని పిల్లలందరూ డిగ్రీ బాబాయ్ అని పిలిచేవారు. ఆయనకు డిగ్రీ లేదు. పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష హాలు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశానని తానే నవ్వుతూ చెప్పుకునేవాడు. రోజూ పొద్దున్నే వరండాలోని థర్మామీటరు చూసి, "ఇవాళ ముప్పై ఒక్క డిగ్రీలు" అని వచ్చేపోయే పిల్లలకు చెప్పేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది. మనందరిలో రోజుకో డిగ్రీ పుచ్చుకునేది ఆయనొక్కడేనని స్టాఫ్‌రూములో హాస్యమాడేవాళ్లం. నేను ఆ బడిలోనే పై అంతస్తులో లెక్కలు చెప్పేదాన్ని.

ఆయన చేతిలో ఏ వస్తువూ పాడయ్యేది కాదు. ల్యాబులో ఉన్న పన్నెండు థర్మామీటర్లలో నాలుగింటి మీద అంకెలు అరిగిపోయాయి. పారేయమని హెడ్మాస్టరుగారు అంటే ఆయన వినలేదు. ఒక్కొక్కదాన్నే నలగ్గొట్టిన ఐసులో నిలబెట్టి, లోపలి పాదరసం గీత ఆగినచోట ఎర్రదారం కట్టాడు. మరిగే నీటి ఆవిరిలో పెట్టి, పైకి పోయి ఆగినచోట ఇంకో దారం కట్టాడు. "ఈ రెండు చోట్లూ మనం పెట్టినవి కావు. మధ్యలో గీతలే మనిషి లెక్క" అని పిల్లలకు చూపించేవాడు.

ఆ రోజుల్లోనే మాకు కొత్త సైన్సు మేడమ్ వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. మార్కులకు కొదవలేదు గాని, తరగతిలో నిలబడాలంటే భయపడేది. మొదటి నెలలోనే, ఉష్ణోగ్రత ఎక్కువుంటే ఉష్ణం కూడా ఎక్కువే ఉంటుందని బోర్డు మీద రాసింది. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మరి చలిలో గ్లాసుడు మరిగే నీళ్లకన్నా బకెట్టుడు గోరువెచ్చని నీళ్లే నయం కదా మేడమ్" అంది. తరగతంతా గొల్లుమంది. మేడమ్ గంట కొట్టకముందే ల్యాబులోకి వచ్చి, బీరువా వైపు తిరిగి ఏడ్చింది.

డిగ్రీ బాబాయ్ ఓదార్చలేదు. పక్క వీధి షాపు నుంచి ఐసు తెచ్చి, ఒక గ్లాసులో మరిగే నీళ్లు, ఒక బకెట్టులో గోరువెచ్చని నీళ్లు పెట్టాడు.

"ఏది ఎక్కువ ఐసు కరిగిస్తుందో పందెం కాయమ్మా" అన్నాడు.

ఆమె గ్లాసు మీద కాసింది. గ్లాసులో నీళ్లు రెండు ముక్కలకే చల్లారి చేతులెత్తేశాయి. బకెట్టు మాత్రం తెచ్చిన ఐసంతా మింగి ఇంకా గోరువెచ్చగానే ఉంది.

"థర్మామీటరు ఎంత వేడిగా ఉందో చెబుతుంది. ఎంత వేడి ఉందో చెప్పదు. ఇంతేనమ్మా తేడా. రేపు వెళ్లి ఇదే చేసి చూపించు."

మర్నాడు ఆమె అలాగే చేసింది. ఆ పూట నుంచి ఆయన్ని అందరి ముందూ బాబాయ్ అనే పిలిచేది. ఆయన భార్య దర్జీపని చేసేది. ఆమె ఈ అమ్మాయికి కూడా కలిపి క్యారియర్ కట్టి పంపేది. బాబాయ్ భార్య కాబట్టి పిన్ని అయింది. వాళ్లకు పిల్లల్లేరు. ఎవరూ పైకి అనకపోయినా ఆ లోటు ఎక్కడో పూడుతోందని నాకు అనిపించేది.

రెండో ఏడు ఆమెకు శాఖాపరమైన పరీక్ష వచ్చిపడింది. అది పాసైతేనే ఉద్యోగం ఖాయం. ఒకరోజు నేను ల్యాబులో గ్రాఫు బోర్డు తీసుకుంటూ ఉండగా ఆయన్ని అడిగింది.

"బాబాయ్, బుధవారం, శుక్రవారం ల్యాబు పిరియడ్లు మీరు చూసుకుంటారా? నేను లైబ్రరీలో చదువుకుంటాను."

"నేనా? హెడ్మాస్టరుగారికి తెలిస్తే ఊరుకోరమ్మా."

"ఏదన్నా వస్తే నేను చెప్పుకుంటాను. మీ మీద మాట పడనిస్తానా? కావాలంటే ఈ మేడమ్‌గారే సాక్షి."

నేను నవ్వి, సరేనన్నాను.

అలా ఆరు నెలలు ఆయన పాఠం చెప్పాడు. సెల్సియస్, ఫారన్‌హీట్ అనగానే జడుసుకునే పిల్లలకు మెట్ల మీద నిలబడి చెప్పేవాడు. "మేడ ఒకటే. ఒకాయన వంద మెట్లు కట్టాడు, ఇంకొకాయన నూట ఎనభై చిన్న మెట్లు కట్టాడు. పైగా ఆ రెండో ఆయన కింది మెట్టుకు సున్నా అని కాకుండా ముప్పై రెండని రాశాడు. అంతకుమించి భయపడాల్సిందేం లేదు." నా తరగతిలో సూత్రం బట్టీ పట్టినా తప్పులు చేసిన పిల్లలు, ఆయన దగ్గరికి వెళ్లొచ్చాక నోటితో చెప్పడం మొదలుపెట్టారు.

అప్పుడు తనిఖీ జరిగింది. వచ్చిన అధికారి పెద్దమనిషి, సైన్సు చదివినవాడు. "నిన్న ఇరవై డిగ్రీలు, ఇవాళ నలభై. అంటే ఇవాళ వేడి రెట్టింపు అయినట్టేనా?" అని పిల్లల్ని అడిగాడు. ముందు వరుసలో అమ్మాయి టక్కున లేచింది.

"కాదు సార్. అవే ఫారన్‌హీట్‌లో అరవై ఎనిమిది, నూట నాలుగు. అందులో రెట్టింపు లేదు కదా. మెట్టుకు ఏ నంబరు వేయాలో మనం పెట్టుకున్నదే."

అధికారి ముఖం విప్పారింది. "ఎవరు చెప్పారమ్మా నీకు?"

"డిగ్రీ బాబాయ్ సార్. వారానికి రెండు రోజులు ఆయనే చెప్తారు."

పొగడ్తగా మొదలైనది అక్కడి నుంచే మెడకు చుట్టుకుంది. అటెండరు పాఠాలు చెప్పడమేమిటని అధికారి రాతపూర్వకంగా అడిగాడు. రెండు రోజుల తరవాత హెడ్మాస్టరుగారు తన గదిలోకి ముగ్గుర్ని పిలిచారు, డిగ్రీ బాబాయ్‌ని, సైన్సు మేడమ్‌ని, ఆ పిల్లలకే లెక్కలు చెబుతాను కాబట్టి నన్ను. మేడమ్ ఇచ్చిన వివరణ పైకి చదివారు. తాను లైబ్రరీలో పాఠానికి సిద్ధమవుతున్న సమయంలో, తనకు తెలియకుండా, అటెండరు తనంతట తానే పిల్లల్ని పోగుచేసి బోధించాడని అందులో ఉంది. వద్దని రెండుసార్లు హెచ్చరించానని కూడా ఉంది.

హెడ్మాస్టరుగారు చదువుతున్నంతసేపూ ఆమె చేతిలోని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"నువ్వేమంటావ్?" అన్నారు హెడ్మాస్టరుగారు.

డిగ్రీ బాబాయ్ తలెత్తి చూశాడు. ఆ చూపు గదంతా తిరిగింది. "మేడమ్ ఎలా రాస్తే అలాగే అనుకోండి సార్" అన్నాడు.

హెడ్మాస్టరుగారు నావైపు తిరిగారు. "మీకేమైనా తెలుసా?"

ఆ ఏడు నాకు హెడ్మాస్టరుగారి సిఫారసుతో సీనియర్ గ్రేడు రావాల్సి ఉంది. "నా తరగతి పై అంతస్తులో సార్, కింద ఏం జరుగుతుందో నాకేం తెలుస్తుంది" అన్నాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

సాయంత్రం సైకిళ్ల షెడ్డు దగ్గర ఆయన ఆమెను ఆపాడు. నేను రెండు సైకిళ్ల అవతల ఉన్నాను.

"ఎందుకలా రాశావమ్మా?"

"మీకింక మూడేళ్లే కదా బాబాయ్. నాకు ముప్పై ఏళ్ల ఉద్యోగం ఉంది. మీరు అర్థం చేసుకుంటారనుకున్నాను."

ఆయన ఆమె సైకిలు మీంచి చెయ్యి తీశాడు.

"నన్నడిగుంటే నేనే ఒప్పుకునేవాణ్ణి. నేనే చేశాను సార్ అనేవాణ్ణి. అడగలేదు చూడు. నన్ను హెచ్చరించానని కూడా రాశావు. అది మాత్రం ఎందుకమ్మా?"

ఆమె సైకిలు తీసుకుని వెళ్లిపోయింది.

ఆయన్ని పాత ఫైళ్ల గదికి మార్చారు. ల్యాబు తాళం అప్పగిస్తూ, ఏ థర్మామీటరులో పాదరసం గీత తెగిందో, ఏది అర డిగ్రీ ఎక్కువ చూపిస్తుందో కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. పిల్లలు కిటికీ దగ్గర మూగితే, "వెళ్లండర్రా, మీ మేడమ్ బాగా చెప్తుంది" అని పంపేసేవాడు. ఇంట్లో మాత్రం భార్య ఊరుకోలేదట. రెండేళ్లు క్యారియర్ తిన్న పిల్ల ఒక్కసారైనా గుమ్మం తొక్కి తప్పయిందనలేదని చుట్టుపక్కల అందరికీ చెప్పింది. ఆయన మాత్రం ఆ అమ్మాయి ఊసెత్తితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేవాడు.

ఆమె పరీక్ష పాసైంది. తరవాత వేరే బడికి బదిలీ అయింది. మంచి టీచరని పేరు తెచ్చుకుందని విన్నాను. అబద్ధం కాదు, ఆమె నేర్చుకున్న చోటు అలాంటిది.

ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాదికి నేను వాళ్లింటికి వెళ్లాను. వసారాలో కూర్చుని భార్య కుట్టు మిషనుకు నూనె వేస్తున్నాడు. కుర్చీ తెచ్చి వేశాడు. నేను నిలబడే చెప్పాను, ఆ రోజు అబద్ధం చెప్పానని, అది నన్ను వదలడం లేదని.

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఆ రోజు ఆ కాగితం చదివినప్పుడు నేను అమ్మాయి వైపు చూడలేదు మేడమ్. భయపడ్డ పిల్ల, ఏదో రాసింది. మీ వైపు చూశాను."

లోపలి నుంచి ఆయన భార్య టీ పెట్టమంటారా అని అడిగింది. ఆయన నా ముఖం చూసి, వద్దులే అని ఆమెకు చెప్పాడు. గేటు దాకా వచ్చి నన్ను సాగనంపాడు. నేను వీధి మలుపు తిరిగేలోపే మిషను మళ్లీ ఆడుతున్న చప్పుడు వినిపించింది.