చెరుకుపల్లి మంచులో కరెంటు కారు

మా ఆవిడ సువార్తమ్మకి చలికాలం వస్తే ఆయాసం. బస్సు గాలి పడదు. అయినా రేపల్లెలో తన చెల్లెలి మనవరాలికి బాప్తిస్మం, వెళ్లాల్సిందే అని కూర్చుంది. మా అల్లుడు తన కరెంటు కారు ఇచ్చాడు. పాతబండి, నిండా ఎక్కిస్తే నూట యాభై కిలోమీటర్లు వస్తుంది. "రాత్రి ప్లగ్గు పెట్టి వదిలేయండి మామయ్యా" అన్నాడు. ముప్పై ఏళ్లు లారీ తోలినవాణ్ణి, నాకు చెప్పేదేంటి అన్నాను.

తెనాలి నుంచి రేపల్లె దగ్గరే. బాపట్లలో మా తమ్ముణ్ణి చూసి చుట్టు తిరిగి వెళ్దామని నేనే అన్నాను. మధ్యాహ్నం బయల్దేరి, సంగం జాగర్లమూడి మీదుగా పొన్నూరులో టిఫిన్ చేసి, చీరాల దాకా పోయి పిల్లకి బట్టలు కొని, చీకటి పడేసరికి వెనక్కి బాపట్ల వచ్చాం. తమ్ముడి వరండాలో ప్లగ్గు పెట్టాను. పడుకునే ముందు స్విచ్చులన్నీ కట్టేయడం నా అలవాటు. వాళ్లింట్లోనూ కట్టేశాను. కారుది కూడా అందులోనే పోయింది. పొద్దున చూస్తే చార్జి నలభై శాతమే. తమ్ముడి ముందు సిగ్గేసి, చాల్లే అనుకుని, బాప్తిస్మం వేళకి అందాలని ఐదున్నరకి బండి తీశాను.

కర్లపాలెం దాటగానే మంచు. రోడ్డు అంచు కనపడదు. నడిచే మనిషిలా పోతున్నాం. హీటర్ వేస్తే అంకె దిగుతోంది, ఆపితే సువార్తమ్మకి పిల్లికూతలు. పీల్చే మందు రెండుసార్లు పీల్చినా తగ్గలేదు.

"ఏంటండి, ఆపేశారు?"

"ఊరికే." మళ్లీ వేశాను.

"కరెంటు ఎంతుంది?"

"బోలెడు."

"బోలెడంటే ఆ ఎర్ర అంకేనా?"

లారీలో డీజిల్ అయిపోతే డబ్బా పట్టుకుని నడిచేవాణ్ణి. కరెంటుని డబ్బాలో తేలేను. ఈవిణ్ణి వదిలి నడవనూ లేను.

చెరుకుపల్లి దాటాక రొయ్యల చెరువుల దగ్గర ఒక లైటు కనపడింది. నీళ్లని చిలికే ఏరియేటర్ల చప్పుడు. కాపలా ఉన్నతను తన పేరు సుభాని అని చెప్పాడు. నేను ఎవర్నీ ఏదీ అడిగే రకం కాదు. ప్లగ్గు ఇవ్వమని అడిగాను.

"ఇప్పుడు కుదరదు బాబాయ్. నీ కారు పెడితే అన్నీ ట్రిప్పవుతాయి. ఎండొచ్చే లోపల గాలి ఆగితే రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి."

"లోపల మీ పిన్నికీ ఊపిరాడటం లేదయ్యా."

అతను కారు తలుపు తీసి ఒక్క క్షణం విన్నాడు. వెళ్లి ఒక ఏరియేటర్ కట్టేసి, వైరు లాక్కొచ్చాడు. ప్లగ్గులో ఉంటే హీటర్ వేసినా అంకె దిగలేదు. అతను గట్టు మీద నిలబడి నీళ్లలోకి టార్చి కొడుతున్నాడు. నేను ఈవిడ ఊపిరి తీసే తీరు చూస్తున్నాను. ఎవరి భయం వాళ్లది.

ఎండొచ్చింది. రొయ్యలు తేలలేదు. పిల్లికూతలు తగ్గాయి. సుభాని ఏరియేటర్ల చక్రాలన్నీ ఆపి, మాకు చాలినంత ఎక్కించుకోనిచ్చాడు. రేపల్లె చేరేసరికి బాప్తిస్మం అయిపోయింది, పలావు ఉంది.

"రాత్రి మీరు ఆ స్విచ్చు కట్టేయడం చూశాను" అంది సువార్తమ్మ, తింటూ.

"చెప్పలేదేం?"

"నాకు చెప్పేదేంటి అంటారుగా."

లారీ తోలినన్నాళ్లూ బండి ఆగిపోతుందని భయపడ్డానేగానీ, పక్క సీట్లో మనిషి ఊపిరి ఆగిపోతుందని ఎప్పుడూ భయపడలేదు. మీరెవరైనా చలికాలం ఆ దారిన వెళ్తే ఎండెక్కాక బయల్దేరండి. చార్జింగ్ పెట్టిన స్విచ్చు ఎవరూ కట్టేయకుండా దాని మీద రుమాలు కట్టండి. మా ఇంట్లో సువార్తమ్మ కడుతుంది. నేను దాని జోలికి పోను.